పాలు విరగకుండా పండ్ల ఐస్‌డ్ టీ లాటే

ప్రశ్న: స్ట్రాబెర్రీ ఐస్‌డ్ టీ లాటే చేద్దామని టీ కాచి, అందులో స్ట్రాబెర్రీ గుజ్జు, కాస్త నిమ్మరసం కలిపి పైన పాలు పోశానండీ. పోసీ పోయగానే తెల్లటి తునకలు పైకి తేలాయి. పాలు తాజావే, కాచినప్పుడు బాగానే ఉన్నాయి. ఎక్కడ తేడా కొట్టింది?

జవాబు: పాలను ఏమీ అనకండి, పాపం వాటి తప్పేం లేదు. పాల పీహెచ్ (పులుపు కొలత, అంకె ఎంత తగ్గితే అంత పులుపు) దాదాపు 6.7 ఉంటుంది, అది 4.6 దగ్గరికి దిగేసరికి అందులోని కేసిన్ అనే ప్రొటీన్ ముద్దలు కడుతుంది, విరగడమంటే అదే. నిమ్మరసం పీహెచ్ 2 నుంచి 2.5, స్ట్రాబెర్రీది 3 నుంచి 3.5 మధ్య. మీరు రెండూ వేశారు, అది చాలదన్నట్టు టీ వేడిగా ఉంది. వేడి మీద ఉన్నప్పుడు అంత పులుపు కూడా అక్కర్లేదు, పాలు ముందే విరిగిపోతాయి. టీలో వగరునిచ్చే టానిన్లు కూడా ప్రొటీన్లకు అంటుకునే రకమే కాబట్టి వాటి చెయ్యీ కొంత ఉంటుంది.

కాబట్టి ముందు నిమ్మరసం మానేయండి. పాలు పడే గ్లాసులో దానికి చోటు లేదు, ఎన్ని రెసిపీల్లో రాసినా సరే.

రెండోది, పండును గుజ్జుగా కాకుండా సిరప్‌గా వాడండి. 200 గ్రాముల స్ట్రాబెర్రీలు ముక్కలు కోసి, 100 గ్రాముల పంచదార, 100 మిల్లీలీటర్ల నీళ్లు పోసి సన్న మంట మీద పది నిమిషాలు ఉడికించండి. ముక్కలు రంగు పోయి పాలిపోతాయి, ఆ ఎరుపంతా రసంలోకి దిగుతుంది, అప్పుడు దించేయాలి. వడకట్టేటప్పుడు గరిటెతో గట్టిగా నొక్కి పిండకండి, గుజ్జు దిగి సిరప్ మడ్డిగా తయారవుతుంది, దానంతట అది కారనివ్వండి. ఉడికిస్తే పులుపు పోతుందని కొందరు అనుకుంటారు గానీ అదేం పోదు, గ్లాసులో పడే మోతాదు మాత్రం తగ్గుతుంది, రెండు పెద్ద చెంచాల సిరప్‌లో ఉండే పులుపును అర గ్లాసు చల్లటి పాలు తట్టుకోగలవు. గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే వారం దాకా వాడుకోవచ్చు. మిగిలిన ముక్కలు పారేయకండి, బ్రెడ్ మీదకి బాగుంటాయి.

ఇక టీ. ఐస్ కరిగి ఎలాగూ పలచబడుతుంది కాబట్టి స్ట్రాంగ్‌గా కావాలి, అలాగని ఎక్కువసేపు మరిగించకూడదు. ఆకు పెంచితే చిక్కదనం వస్తుంది, టైమ్ పెంచితే వగరు వస్తుంది, ఇది గుర్తుంటే చాలు. 150 మిల్లీలీటర్ల మరిగే నీళ్లలో రెండు చెంచాల బ్లాక్ టీ వేసి, మూతపెట్టి నాలుగు నిమిషాలకు వడకట్టేయండి. పూర్తిగా చల్లారాకే ఫ్రిజ్‌లోంచి తీసిన పాలతో కలపాలి, గోరువెచ్చగా ఉన్నా ఆగండి.

గ్లాసు అడుగున సిరప్ రెండు పెద్ద చెంచాలు, దాని మీద గ్లాసు నిండా ఐస్, ఆ తర్వాత 120 మిల్లీలీటర్ల పాలు, చివర్లో ఐస్ ముక్క మీద పడేలా టీ నెమ్మదిగా పోయండి. పంచదార బరువుకి సిరప్ కిందే ఉండిపోతుంది, అందుకే ఆ మూడు రంగులు విడివిడిగా కనిపిస్తాయి. చెంచా అడుగుదాకా పెట్టి ఒక్కసారి తిప్పితే ఎరుపు తీగలు తీగలుగా పాలలోకి పాకుతుంది. ఫోటో కావాలంటే అప్పుడే తీసుకోండి, కలిపాక మాత్రం పక్కన పెట్టకుండా తాగేయండి.

ప్రశ్న: నాకు నిమ్మ, నారింజ రుచే ఇష్టం. లాటేలో అస్సలు కుదరదా?

జవాబు: కుదురుతుంది, రసం పిండకుండా తొక్క వాడితే సరి. పులుపంతా రసంలో ఉంటుంది, ఘాటైన ఆ వాసన మాత్రం తొక్క పైపొరలోని నూనెలో ఉంటుంది, ఆ నూనెకి పాలు విరగవు. ఎర్ల్ గ్రే టీ ఉంది చూశారూ, అందులో బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు తొక్క నూనే ఉంటుంది, దాంతో చేసే 'లండన్ ఫాగ్' అనే పాల టీ హాయిగా నిలబడుతుంది. ఇంట్లో అయితే ఒక నారింజ కడిగి రంగున్న పొర మటుకే తురమండి, కింద తెల్లగా ఉండేది చేదు. ఆ తురుముని నాలుగు చెంచాల పంచదారలో వేసి వేళ్లతో నలపండి, నిమిషంలో పంచదార తడి ఇసుకలా అయి రంగు తేలుతుంది, గది అంతా వాసన. దాంట్లో అంతే వేడినీళ్లు పోసి కరిగించి, వడకట్టి, చల్లార్చి వాడుకోండి. నన్నడిగితే స్ట్రాబెర్రీ కన్నా ఇదే మేలు.

ప్రశ్న: మామిడి, అనాస, కివీ కూడా ఇలాగే చేయొచ్చా?

జవాబు: బాగా పండిన మామిడితో బాధే లేదు, పులుపు తక్కువ, గుజ్జు అలాగే వేసినా పాలతో కలిసిపోతుంది. అనాస, కివీ, బొప్పాయి మటుకు ఉడికించకుండా వేయకండి. వాటిలో ప్రొటీన్‌ని కోసేసే ఎంజైములు ఉంటాయి, అనాసలో బ్రోమెలైన్, కివీలో యాక్టినిడిన్, బొప్పాయిలో పపైన్. పాలలో పడ్డాక కాసేపటికే చేదు మొదలవుతుంది, ఎంత పంచదార వేసినా ఆ చేదు పోదు. బాగా ఉడికించి సిరప్ చేస్తే ఎంజైములు చచ్చిపోతాయి, అప్పుడు పర్లేదు.

ప్రశ్న: మందార టీ రంగు చాలా బాగుంటుంది కదా, దాంతో?

జవాబు: వద్దండీ. ఎండు మందార టీ చాలా పుల్లగా ఉంటుంది, పాలు పోస్తే విరగడం ఖాయం. ఐస్ వేసుకుని ఉత్తదే తాగండి.

ప్రశ్న: ఆవుపాలు పడవు. సోయా పాలతో చేస్తే తునకలు వచ్చాయి.

జవాబు: సోయా పాలలో ప్రొటీన్ ఎక్కువ, పులుపు తగలగానే అవీ ముద్ద కడతాయి. ఓట్ పాలు వాడి చూడండి, వాటిలో ప్రొటీన్ తక్కువ, పైగా తయారీలో ఓట్స్‌లోని పిండిపదార్థం కొంత చక్కెరగా మారి వచ్చే తీపి వల్ల పండు రుచి ఇంకా బాగా తెలుస్తుంది. 'బరిస్టా' అని రాసి ఉన్న ప్యాకెట్లలో పులుపుని అదుపులో ఉంచే లవణాలు కలుపుతారు కాబట్టి అవి ఇంకాస్త గట్టిగా నిలబడతాయి. బాదం పాలు నాకైతే ఇందులో మరీ నీళ్లగా అనిపిస్తాయి.

ప్రశ్న: చుట్టాలు వస్తున్నారు, ముందురోజే చేసిపెట్టుకోవచ్చా? నురగకి మెషీన్ కూడా లేదు.

జవాబు: కలిపి పెట్టకండి, దేనికది విడిగా ఉంచండి. ముందురోజు రాత్రి అర లీటరు చల్లటి నీళ్లలో 10 గ్రాముల టీ ఆకు వేసి ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున్నే వడకట్టండి. చల్లటి నీళ్లలో వగరు తక్కువ దిగుతుంది, రుచి మెత్తగా ఉంటుంది, చల్లార్చే టెన్షనూ ఉండదు. ఎండలో సీసా పెట్టి టీ దింపే పద్ధతి మాత్రం వద్దు, ఆ నీళ్లు సూక్ష్మజీవులు చచ్చేంత వేడెక్కవు, పెరిగేంత వేడెక్కుతాయి. వేడిగా కాచిన టీని ఫ్రిజ్‌లో పెడితే కొన్నిసార్లు మబ్బుగా అవుతుంది, అది పాడైనట్టు కాదు, టీలోని కెఫీన్, టానిన్లు చల్లబడి ఒకదానికొకటి అతుక్కోవడమే, పాలు పడ్డాక ఎలాగూ కనపడదు. రెండు రోజుల్లో వాడేయండి.

నురగకి మెషీన్ ఎందుకు, మూత గట్టిగా ఉన్న సీసాలో సగానికి చల్లటి పాలు పోసి అర నిమిషం బాగా ఊపండి. వెన్న తీసిన పాలకి నురగ గట్టిగా వస్తుంది, వెన్న ఉన్న పాలకి రుచి వస్తుంది. ఎలాగూ ఐస్ మీద నురగ ఎంతోసేపు ఆగదు, నేనైతే రుచినే చూసుకుంటాను. వచ్చేవాళ్లలో చిన్నపిల్లలు ఉంటే వాళ్ల వరకు రూయిబాస్ అనే దక్షిణాఫ్రికా మూలికా టీతో చేయండి, అందులో కెఫీన్ ఉండదు, స్ట్రాబెర్రీ సిరప్‌తో బాగా కుదురుతుంది.