అసలు కదలట్లేదు అన్నా

మొన్న ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. అమెరికాలో ఎమ్మెస్ అయింది, ఉద్యోగం వచ్చి ఏడాది దాటింది. 40 లక్షల ఎడ్యుకేషన్ లోన్, 11 శాతం వడ్డీ, పదేళ్ళ గడువు. "ఏడాదిగా ఒక్క నెల కూడా తప్పకుండా కడుతున్నా అన్నా. స్టేట్‌మెంట్ తీసి చూస్తే అసలు కదలట్లేదు. ఇంకా తొమ్మిదేళ్ళు ఇలా ఎలా లాగను?" అన్నాడు. డబ్బు లేదన్న బాధ కాదది. కడుతూ కూడా కట్టనట్టే ఉందన్న అలసట. నాకు ఆ అలసట బాగా తెలుసు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు అతని లెక్క చూద్దాం. ఆ లోన్‌కి ఈఎంఐ సుమారు 55,100 రూపాయలు. మొదటి నెల కట్టిన దాంట్లో 36,667 వడ్డీకే పోయింది. అసలుకి చేరింది 18,433. ఏడాదంతా కలిపి 6 లక్షల 61 వేలు కడితే, అసలు తగ్గింది 2 లక్షల 33 వేలు. ఇలాగే కట్టుకుంటూ పోతే అసలు సగానికి రావడానికి 76 నెలలు పడుతుంది, అంటే ఆరేళ్ళ నాలుగు నెలలు. పదేళ్ళ లోన్‌లో సగం దారి ఐదో ఏట వస్తుందనుకుంటాం కదా, అప్పటికి కూడా రాదు. ఈ సంగతి మొదట్లో ఎవరూ చెప్పరు. రెండో ఏడో మూడో ఏడో స్టేట్‌మెంట్ చూసుకుని మనలో ఏదో లోపం ఉందనుకుంటాం. లోపం ఏమీ లేదు తమ్ముడూ, ఈఎంఐ లెక్క పుట్టుకే అలాంటిది.

అందుకని బ్యాలెన్స్ చూడటం మానేసి రోజు వడ్డీ చూసుకోమన్నాను. మిగిలిన అసలుని వడ్డీ శాతంతో గుణించి 365తో భాగిస్తే వస్తుంది. 40 లక్షలకి 11 శాతం చొప్పున రోజుకి 1,205 రూపాయలు. మనం నిద్రపోయినా, సెలవులో ఉన్నా, జ్వరంతో పడుకున్నా ఆ 1,205 పడుతూనే ఉంటుంది. ఒక లక్ష అదనంగా కడితే రోజుకి 30 రూపాయలు తగ్గుతుంది. 40 లక్షల ముందు లక్ష ఆనదు. కానీ రేపటి నుంచి అప్పు తీరేదాకా రోజూ 30 రూపాయలు మిగులుతుందంటే, అది చేతికి తగిలే సంగతి.

నేను 2013లో అమెరికా వచ్చాను. చదువు అయి, మారటోరియం (ఈఎంఐ కట్టక్కర్లేని కాలం) ముగిసి, అన్నాళ్ళ వడ్డీ అసలులో కలిసేసరికి 20 లక్షల లోన్ 25 లక్షలైంది. వడ్డీ 13 శాతం. 2015 నవంబరులో మొదటి ఈఎంఐ కట్టిన రోజు ఒక రూళ్ళ కాగితం తీసి, వంటగదిలో కప్‌బోర్డు తలుపు లోపలి వైపు టేపుతో అంటించాను. మొదటి గీత మీద తేదీ, పక్కన 890 అని రాశాను. అది నా రోజు వడ్డీ. ప్రతి నెలా 5వ తారీకున కట్టాక కింద ఇంకో అంకె. 886, 883... మొదట్లో మూడు నాలుగు రూపాయల చొప్పునే దిగింది. బోనస్ వచ్చిన నెలలో ఒకేసారి 70 రూపాయలు దిగితే ఆ తలుపు ఎన్నిసార్లు తెరిచి చూశానో లెక్కలేదు. మూడు ఇళ్ళు మారాను, కాగితం కూడా నాతోనే మారింది. టేపు పచ్చబడిపోయింది. చివరికి అందులో 71 అంకెలు ఉన్నాయి. ఈ పని కంప్యూటర్లోనూ చేసుకోవచ్చు, యాప్‌లు కూడా ఉన్నాయి. కానీ చేత్తో రాస్తేనే బాగుంటుందని నా నమ్మకం. నెలకొకసారి ఆ కాగితం ముందు నిలబడటమే నన్ను నడిపించింది.

బ్యాంకు లోన్ ఒక్కటే ఉన్నవాళ్ళు తక్కువ. చేబదుళ్ళు ఉంటాయి, క్రెడిట్ కార్డులు ఉంటాయి. నా లోన్ మంజూరైనప్పుడు డాలరు 55 రూపాయల దరిదాపుల్లో ఉండేది. 2013 ఆగస్టు చివరికి 68 దాటింది. ఫీజుకి లెక్క కట్టుకున్న డబ్బు చాలక, నాన్న తెలిసినవాళ్ళ దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి 3 లక్షలు తెచ్చారు. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. నా బ్యాంకు వడ్డీని అదే భాషలో చెప్తే రూపాయి 8 పైసలు. అయినా నేను ఏం చేశానో తెలుసా? బ్యాంకు అప్పు పెద్దది, భయం వేసేది అదే కాబట్టి, మిగిలిన ప్రతి డాలరూ అటే పంపాను. చేబదులిచ్చిన ఆయన అడగట్లేదు కదా అని ఊరుకున్నాను. ఏడాది తర్వాత చూస్తే దానికే 72 వేలు వడ్డీ. అప్పులన్నిటినీ రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ అని ఒకే భాషలోకి మార్చి పక్కపక్కన రాసుకోండి. అమెరికాలో క్రెడిట్ కార్డు వడ్డీ చాలావరకు 20 శాతం పైనే ఉంటుంది, కార్డులో బాకీ మిగిల్చుకుని బ్యాంకు లోన్‌కి అదనంగా పంపితే నష్టమే. చిన్న అప్పు ముందు తీర్చేస్తే మనసుకి ఊరటగా ఉంటుందని కొందరంటారు. నిజమే. 30, 40 వేల అప్పులేవైనా ఉంటే ఒక నెలలో తీర్చి పారేయండి. మిగతావాటిని మాత్రం వడ్డీ ఎక్కువ ఉన్న వరుసలోనే తీర్చాలి.

ఇప్పుడు నేను చేసిన అసలు తప్పు చెప్తాను. రెండుసార్లు చేశాను.

2016లో ప్రాజెక్టు అయిపోయి రెండు నెలలు జీతం రాలేదు. అంతకు ముందు నెల వరకు మిగిలిందంతా లోన్‌కే పంపేసి ఉన్నాను, చేతిలో అద్దెకి మాత్రమే ఉంది. ఒక ఈఎంఐ బౌన్స్ అయింది. బ్యాంకు మెసేజ్ నాన్న ఫోన్‌కి వెళ్తుంది, ఎందుకంటే లోన్‌లో ఆయన కో-అప్లికెంట్. మామూలుగా ప్రతి నెలా 5న ఆ మెసేజ్ చూసి ఆయనే నాకు ఫోన్ చేసేవారు, "పడిందిరా" అని. ఆ నెల ఫోన్ రాలేదు. నేనూ అడగలేదు. ఆరు నెలల తర్వాత స్టేట్‌మెంట్‌లో చూస్తే తెలిసింది, ఆయనే ఎక్కడో తెచ్చి కట్టారని. నాకు టెన్షన్ ఎందుకని చెప్పలేదట.

అప్పటి నుంచి ఆరు ఈఎంఐల డబ్బు ఎన్నారై ఖాతాలో కదపకుండా ఉంచాను. ఈఎంఐ ఆ ఖాతా నుంచే కట్ అయ్యేది. మీరు లోన్‌కి ఒక్క డాలరు అదనంగా పంపే ముందు ఈ పని చేయండి. ఇక్కడ హెచ్1బీ (ఉద్యోగ వీసా) మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే గడువు గరిష్ఠంగా 60 రోజులే. ఓపీటీలో (చదువు అయ్యాక ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే అనుమతి) మొత్తం 90 రోజులకి మించి ఖాళీగా ఉండకూడదు, సైన్సు, ఇంజినీరింగులాంటివి చదివినవాళ్ళకి దొరికే స్టెమ్ ఎక్స్‌టెన్షన్‌తో కలిపితే 150. ఆ రోజుల్లో ఉద్యోగం వెతకాలా, ఈఎంఐ ఎలా అని ఆలోచించాలా? వాయిదా 90 రోజులు దాటి పేరుకుంటే లోన్ ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది, మీతో పాటు అక్కడ మీ నాన్నగారి సిబిల్ స్కోరూ దెబ్బ తింటుంది.

రెండో తప్పు 2017లో. ఒకేసారి పెద్ద మొత్తం కట్టేశాను, రోజు వడ్డీ 700 కిందకి దిగిందని సంతోషంగా ఉన్నాను. పన్నెండు రోజులకి అమ్మమ్మ పోయింది. అప్పటికప్పుడు టికెట్ కొనడానికి నా దగ్గర డబ్బు లేదు, కార్డులో లిమిట్ లేదు. ముందుగా కట్టిన డబ్బుని బ్యాంకు వెనక్కివ్వదు. స్నేహితుల్ని అడిగే లోపే అక్కడ అన్నీ అయిపోయాయి. ఫోన్లో అమ్మ ఏడుస్తుంటే ఇక్కడ గోడకి ఆనుకుని కూర్చున్నాను. ఆ కాగితం మీద 700 కింద అంకె ఉంది. దాన్ని చూసి నాకే సంతోషమూ కలగలేదు.

ఇది మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పట్లేదు. ఇండియాకి వెళ్ళి రావడానికి అయ్యే టికెట్ డబ్బు ఒక పక్కన పెట్టుకోండి, అప్పు తీరే వరకు దాన్ని ముట్టుకోకండి. దానివల్ల అప్పు ఒకటి రెండు నెలలు ఆలస్యం అవుతుంది. అవనివ్వండి.

చదువుకునే రోజుల్లోలాగా బతికితే త్వరగా తీర్చేయొచ్చని అందరూ అంటారు. మొదటి ఏడాదో, ఏడాదిన్నరో అలా ఉండొచ్చు. ఐదారేళ్ళు ఎవరివల్లా కాదు. నాలుగేళ్ళు బిగపట్టుకుని ఐదో ఏడు కారు లోన్ తీసేసుకున్నవాళ్ళని చూశాను. నేను తర్వాత పెట్టుకున్న పద్ధతి ఇది: జీతం పెరిగిన ప్రతిసారీ ఆ పెరిగిన దాంట్లో సగం లోన్‌కి, సగం నాకు. నా సగం ఎలా ఖర్చు పెట్టానో నన్ను నేను అడగను. మొదటిసారి ఆ డబ్బుతో మంచి పరుపు కొన్నాను. మూడేళ్ళు గాలి నింపే పరుపు మీద పడుకున్నవాడికి అదెంత సుఖమో చెప్పలేను.

ఈ సగం చాలా దూరం తీసుకెళ్తుంది. ఆ తమ్ముడి లోన్‌కి 55,100 బదులు మొదటి నుంచీ నెలకి 80,000 కడితే, అంటే డాలరు 85 అనుకుంటే దాదాపు 300 డాలర్లు ఎక్కువ పంపితే, పదేళ్ళ లోన్ 68 నెలల్లో తీరిపోతుంది. వడ్డీలో 12 లక్షలకి పైగా మిగులుతుంది. అదనంగా కట్టేటప్పుడు బ్యాంకుకి రాసి మరీ చెప్పండి: ఇది అసలులో జమ చేయండి, ఈఎంఐ తగ్గించొద్దు, కాలం తగ్గించండి అని. చెప్పకపోతే కొన్నిచోట్ల దాన్ని రాబోయే నెలల ఈఎంఐ కింద ఉంచేస్తారు, వడ్డీ తగ్గదు. వచ్చే నెల స్టేట్‌మెంట్‌లో సరిచూసుకోండి. ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) వడ్డీతో వ్యక్తులు తీసుకున్న ఇలాంటి లోన్లకి ముందుగా కట్టినందుకు పెనాల్టీ వేయకూడదని ఆర్బీఐ నిబంధన ఉంది, అడిగితే భయపడకుండా ఆ మాట చెప్పండి.

డాలరు రేటు కోసం ఆగేవాళ్ళకి ఒక్క లెక్క. 1,000 డాలర్లు చేతిలో పెట్టుకుని డాలరు రేటు ఒక రూపాయి పెరుగుతుందని నెల రోజులు ఆగితే, పెరిగితే వచ్చేది 1,000 రూపాయలు. ఆ నెలలో 85 వేల మీద పడే వడ్డీ సుమారు 770. పెరగకపోతే అదీ లేదు. రోజూ రేటు చూసే టెన్షన్ అదనం. జీతం పడిన మర్నాడే పంపేయండి. 2026 జనవరి నుంచి ఇక్కడ వచ్చిన 1 శాతం రెమిటెన్స్ పన్ను (బయటి దేశాలకి పంపే డబ్బు మీద పన్ను) నగదు, మనీ ఆర్డర్లలాంటి వాటితో పంపితేనే. బ్యాంకు ఖాతా నుంచి పంపేవాళ్ళకి వర్తించదు.

మూడో ఏడాది నుంచి ఐదో ఏడాది దాకా అన్నిటికన్నా కష్టం. కొత్తలో ఉన్న కసి పోతుంది, చివర కనబడదు. మీతో పాటు వచ్చినవాళ్ళు ఇళ్ళు కొంటారు, గృహప్రవేశం ఫొటోలు పెడతారు. వాళ్ళలో చాలామందికి లోన్ లేదు, లేదా మనకి కనబడని ఇంకో లోన్ ఉంది. ఆ ఏళ్ళలో నన్ను కాపాడింది ఒక స్నేహితుడు. అతనికీ లోన్ ఉంది. నెలకోసారి ఇద్దరం అంకెలు చెప్పుకునేవాళ్ళం, "నాది 512", "నాది 640" అని. అంతకుమించి ఓదార్పులేవీ ఉండేవి కావు. అప్పు గురించి దాచకుండా మాట్లాడగలిగే మనిషి ఒక్కరైనా ఉండాలి. పెళ్ళి మాటలు నడుస్తుంటే అవతలి వాళ్ళకి మొత్తం అంకె ముందే చెప్పండి. నేను రెండో ఫోన్ కాల్‌లోనే చెప్పాను. ఆమె తన లోన్ అంకె చెప్పింది.

తీరిపోయే ముందు కాగితాల సంగతి కూడా తెలుసుకోండి. ఇల్లో స్థలమో తనఖా పెట్టి ఉంటే, మొత్తం కట్టేసిన 30 రోజుల్లోపు అసలు దస్తావేజులు తిరిగివ్వాలని, తమ వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు పరిహారం ఇవ్వాలని ఆర్బీఐ 2023లో ఆదేశమిచ్చింది. ఆ ఏడాది డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. నేను తీర్చినప్పుడు అది లేదు, నాన్న నాలుగుసార్లు తిరిగారు. బాకీ లేదని నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి, తర్వాత ఈసీ (ఆస్తి మీద తనఖాలేమైనా ఉన్నాయో చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు కాగితం) తీసి తనఖా తొలగిందో లేదో చూడండి, మీ సిబిల్‌తో పాటు కో-అప్లికెంట్ సిబిల్‌లోనూ లోన్ క్లోజ్ అయినట్టు పడిందో లేదో చూడండి.

నా కాగితాలు 2021 డిసెంబరులో చేతికొచ్చాయి. నాన్న వీడియో కాల్‌లో ఒక్కో పేజీ తిప్పి చూపించారు. కానీ అప్పు తీరిందని నాకు తెలిసొచ్చింది అంతకు ముందే. సెప్టెంబరులో చివరి మొత్తం కట్టేశాను. అక్టోబరు 5న, అలవాటు ప్రకారం నాన్న ఫోన్ చేశారు.

"ఒరేయ్, ఈ నెల మెసేజ్ రాలేదురా."

"ఇంక రాదు నాన్నా."

కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.