రెండు బోర్డులు అమ్మితే వినియోగదారు హక్కు పోతుందా?

ప్రశ్న: సముద్రపు అలల మీద జారే సర్ఫ్‌బోర్డులు ఇంట్లో చేసుకోవడం నా సరదా. ఇప్పటికి ఆరు చేసి, రెండు స్నేహితులకు అమ్మాను. బోర్డును అరగదీసి నున్నగా చేసే మిషన్, అదే శాండర్, పేరున్న కంపెనీది కొనే స్తోమత లేక ఆన్‌లైన్‌లో చవకగా దొరికిన ఏడంగుళాలది తీసుకున్నాను. వేగం 600 నుంచి 3,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) వరకు మార్చుకోవచ్చని ప్రకటనలో ఉంది. తీరా చూస్తే డయల్ ఒకటి మీద పెట్టినా రయ్యిమని తిరుగుతోంది. పైనున్న రెజిన్ (గట్టిపడే జిగురు) పూత దాటి ఫైబర్‌గ్లాస్ గుడ్డ దాకా కోసేసింది. వెనక్కి తీసుకోమంటే, ‘మీరు బోర్డులు అమ్ముతున్నారు, మా వారంటీ గృహ వినియోగానికే’ అంటున్నారు. కొని ఇరవై రోజులైంది. కేసు వేయొచ్చా? పోనీ, ఇనుము కోయడానికి వాడే యాంగిల్ గ్రైండర్‌కే మెత్తటి ప్యాడ్ బిగించుకుంటే చవకలో పనైపోదా?

జవాబు: వేయొచ్చు. అమ్మకందారు వేసిన మెలిక మాత్రం తేలిగ్గా తీసుకోకండి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(7) ప్రకారం వ్యాపార అవసరానికి వస్తువు కొన్నవారు వినియోగదారులు కారు. అయితే బతుకుదెరువు కోసం స్వయం ఉపాధికే కొని, తానే వాడుకునే మనిషిని అదే సెక్షన్ కింది వివరణ కాపాడుతుంది. లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో 1995లో సుప్రీంకోర్టు ఇది కేసు వాస్తవాలను బట్టి తేల్చాల్సిన విషయమని చెప్పింది. లేత్ మిషన్ కొని తానే నడుపుకునేవాడు, ఒకరిద్దరి సాయం తీసుకున్నా, వినియోగదారే అంది. మీరు వ్యాపారమే పెట్టలేదు. సరదాకు చేసుకుంటూ రెండు అమ్మారు, అంతే. ఆ సంగతి ఫిర్యాదులో మీరే రాయండి. దాచిపెడితే, అవతలివారి జవాబులో మొదటి పేరా అదే అవుతుంది.

ఇక వారంటీ మాట. ఉచితంగా బాగుచేస్తామన్న హామీకి వాళ్లు షరతు పెట్టుకోవచ్చు. మీ ఫిర్యాదు దాని గురించి కాదు. వ్యాపారి ఏ రూపంలో చెప్పుకున్న నాణ్యతైనా సరే, అది వస్తువులో లేకపోతే సెక్షన్ 2(10) కింద లోపమే. ప్రకటనలో ‘600’ అని రాసింది వాళ్లే కదా! ఆ పేజీ మార్చేయకముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. బిల్లులో గడువేదీ లేకపోతే 30 రోజుల్లోపు లోపమున్న సరుకు వెనక్కి తీసుకోకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికొస్తుంది. మీకింకా పది రోజులుంది. ఈ వారమే ఈమెయిల్‌తో పాటు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి.

ఒక్క తప్పు మాత్రం చేయకండి: డయల్ ఎందుకు పనిచేయడం లేదోనని ఆ మిషన్ విప్పి చూడకండి. స్క్రూ మీద గీత పడితే చాలు, ‘మీరే పాడుచేశారు’ అంటారు. డిజిటల్ టాకోమీటర్‌తో ఒకటో అంకె దగ్గర వేగం కొలుస్తూ, మిషన్ సీరియల్ నంబరు కూడా కనబడేలా వీడియో తీయండి. అవసరమనుకుంటే వినియోగదారుల కమిషనే మిషన్‌కు సీలు వేసి ల్యాబ్‌కు పంపుతుంది.

ఫిర్యాదు మీరుండే జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు. గడువు రెండేళ్లు. కొన్న వస్తువు విలువ ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి చూడండి, కొన్ని అక్కడే తెగిపోతాయి. శాండర్ డబ్బుతో పాటు పాడైన బోర్డుకు వాడిన ఫోము, రెజిన్, గుడ్డ బిల్లులూ జతచేయండి. మీ శ్రమకు అడిగినంతా వస్తుందని మాత్రం ఆశపెట్టుకోకండి.

గ్రైండర్ ఆలోచన మానేయండి. మామూలు చిన్న గ్రైండర్ నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది. ప్యాడ్ వెనక ముద్రించిన గరిష్ఠ వేగం ఎంతుందో చూడండి. దాన్ని మించి తిప్పినప్పుడు ప్యాడ్ ఊడి తగిలితే, దుర్వినియోగం చేశారంటూ అమ్మకందారు వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 87 చూపించి పక్కకు తప్పుకుంటాడు. పైగా ఆ వేడికి రెజిన్ మెత్తబడుతుందని మీకు నేను చెప్పక్కర్లేదు.

మళ్లీ చవకదే కొంటారనుకోండి, కొనేముందే చాట్‌లో ‘సర్ఫ్‌బోర్డు మీద రెజిన్ పూత అరగదీయడానికి, తక్కువ వేగంతో పనిచేసేది కావాలి, ఏది పనికొస్తుంది?’ అని అడగండి. మీ అవసరం తెలిసి, ఆ సరుకులో వ్యాపారం చేసే మనిషి ఎంచి ఇచ్చిన వస్తువు ఆ పనికి పనికిరావాలని వస్తు విక్రయ చట్టం, 1930 సెక్షన్ 16 చెబుతోంది. బ్రాండు పేరు మీరే చెప్పి తెప్పించుకుంటే ఈ రక్షణ ఉండదు. అందుకే మోడల్ పేరు మీ నోట రానివ్వకండి, వాళ్లనే చెప్పనివ్వండి.