ఉప్పునీటి ట్యాంకులోకి ఏ చేపలు, ఏ వరసలో

చిన్నా,

నువ్వు పంపిన లిస్టు చూశాను. రెండు క్లౌన్ ఫిష్‌లు, ఒక బ్లూ ట్యాంగ్, ఒక మాండరిన్, ఒక చిన్న లయన్ ఫిష్, నాలుగు డామ్సెల్స్. ట్యాంకేమో 200 లీటర్లది. రంగులు చూసి ఎంచుకున్నావని తెలుస్తూనే ఉంది. అందరం రంగులు చూసే ఉప్పునీళ్ల వైపు వస్తాం, అందులో తప్పేం లేదు. కానీ నీ లిస్టులో నేను ఉంచేవి క్లౌన్‌లు మాత్రమే. మిగతావి ఎందుకు కొట్టేస్తున్నానో చెబుతాను, కోపం తెచ్చుకోకు.

లయన్ ఫిష్ సంగతి ముందు తేల్చేద్దాం. నోట్లో పట్టేదేదైనా దానికి తిండే. షాపులో పిల్లగా ఉన్నప్పుడు బుద్ధిగా కనిపిస్తుంది. పెరిగాక నీ క్లౌన్‌ని ఒక్క గుటకలో మింగేస్తుంది. పైగా దాని ముళ్లలో విషం ఉంటుంది, అద్దం తుడవడానికి ట్యాంకులో చెయ్యి పెట్టేదేమో నువ్వు! బ్లూ ట్యాంగ్ అడుగు పొడవు దాకా పెరుగుతుంది, రోజంతా ఈదుతూనే ఉంటుంది. నీ ట్యాంకు దానికి చాలదు. ఇరుకులో టెన్షన్ పడే ట్యాంగ్‌కి తెల్లమచ్చల జబ్బు ఇట్టే అంటుకుంటుంది, దాన్నుంచి మిగతా అన్నిటికీ పాకుతుంది. మాండరిన్ పాపం ఎవరి జోలికీ పోదు. అయితే రాళ్ల మీద పాకే కోపీపాడ్ అనే చిన్న చిన్న జీవుల్ని పొద్దస్తమానం ఏరుకు తినడమే దాని బతుకు. కొత్త ట్యాంకులో అవి దానికి సరిపడా ఉండవు, మనం వేసే తిండిని చాలా మాండరిన్‌లు ముట్టవు. గొడవలేమీ లేకుండానే కళ్లముందే చిక్కి చనిపోతుంది.

ఇక డామ్సెల్స్. 'ఇవి గట్టి చేపలు, అంత తేలిగ్గా చావవు' అంటారు షాపువాళ్లు. అది నిజమే. ఆ మొండితనమే తర్వాత మన ప్రాణం మీదకి వస్తుంది. డామినో డామ్సెల్ పిల్ల ముద్దుగా, నల్లగా, తెల్లచుక్కలతో ఉంటుంది. పెద్దదయ్యాక ఆ ట్యాంకు తన సొంతం అనుకుంటుంది. అప్పుడు దాన్ని బయటికి తీయాలంటే రాళ్లన్నీ పీకాల్సిందే, వలకి అంత సులువుగా దొరకదు.

అసలు చేపలు ఎందుకు కొట్టుకుంటాయో తెలిస్తే ఎంపిక సగం అయిపోయినట్టే. వాటి తగువంతా చోటు కోసం, తిండి కోసం, జోడీ కోసం. ఆకారంలోనో, రంగులోనో, తినే తిండిలోనో తనను పోలిన చేప కనిపిస్తే దాన్నే పోటీగా చూస్తాయి. రెండు బ్లెన్నీ చేపలు ఒకే రాయి మీద పాచి గీక్కు తినేవైతే ఒకదాన్నొకటి తరుముకుంటాయి. అదే ఒకటి ఇసుక మీద, ఒకటి రాళ్ల సందులో, ఒకటి మధ్య నీటిలో బతికేవైతే ఒకదాని ఉనికి ఇంకోదానికి పట్టదు. అందుకే నేను లిస్టు రాసేటప్పుడు ట్యాంకుని కింద, నడుమ, పైన అని విడగొట్టుకుని, ఎక్కడికి ఎవరు అని ఆలోచిస్తాను.

నీ ట్యాంకుకి నేనైతే ఇవి పెడతాను.

క్లౌన్‌లలో ఆసెల్లారిస్ రకం తీసుకో. ట్యాంకుల్లోనే పుట్టి పెరిగినవి దొరుకుతాయి, వేసిన తిండి తింటాయి. మెరూన్ క్లౌన్ జోలికి మాత్రం వెళ్లకు, అది మహా కోపిష్ఠి. జోడీ కోసం మగ, ఆడ అని వెతకాల్సిన పనిలేదు. పిల్లలప్పుడు ఇవేవీ ఆడవి కావు, రెండింటిలో పెద్దదీ పెత్తనం చేసేదీ ఆడదిగా మారుతుంది. కాబట్టి రెండూ పిల్లలైనా తీసుకో, లేదా ఒకటి పెద్దది ఒకటి చిన్నది తీసుకో. ఎదిగిన రెండు పెద్దవి మాత్రం వద్దు, రెండూ ఆడవైతే చచ్చేదాకా కొట్టుకుంటాయి. మొదట్లో పెద్దది తరుముతుంటే చిన్నది పక్కకి ఒరిగి ఒళ్లంతా గజగజలాడిస్తుంది. చూస్తే జబ్బేమో అనిపిస్తుంది. అది 'నువ్వే పెద్ద' అని ఒప్పుకోవడం, జోడీ కుదిరినట్టే లెక్క. అన్నట్టు, ఎనిమోన్ (సముద్రంలో క్లౌన్‌లు దాక్కునే, పువ్వులాంటి జీవి) లేకపోయినా క్లౌన్‌లు హాయిగా బతుకుతాయి. దానికి బలమైన లైటు, కుదురుకున్న ట్యాంకు కావాలి. మొదటి ఏడాది దాన్ని తలపెట్టకు.

రాళ్ల సందుకి రాయల్ గ్రామా. ముందు సగం ఊదా, వెనక సగం పసుపు. రాతి చూరు కింద తలకిందులుగా ఈదుతూ కనిపిస్తే కంగారు పడకు, అది దాని అలవాటు. ఇక్కడ ఒక మోసం ఉంది. అచ్చం ఇవే రంగులతో రాయల్ డాటీబ్యాక్ అనే ఇంకో చేప ఉంటుంది. అది వట్టి రౌడీ. దగ్గరికెళ్లి చూడు: గ్రామాకి ఊదా, పసుపు కలిసే చోట చుక్కలు చుక్కలుగా ఒకదాంట్లోకి ఒకటి కరిగిపోతాయి, వీపు రెక్క ముందు భాగంలో ఒక నల్లమచ్చ ఉంటుంది, కంటి మీదుగా ఒక గీత పోతుంది. డాటీబ్యాక్‌కి రెండు రంగుల మధ్య కత్తితో కోసినట్టు గీత ఉంటుంది, ఆ నల్లమచ్చ ఉండదు. షాపువాళ్లే ఒక్కోసారి పొరబడతారు, నువ్వు మాత్రం పొరబడకు.

కింద ఇసుకకి పసుపు వాచ్‌మన్ గోబీ. వీలైతే దానికి తోడుగా ఒక పిస్టల్ రొయ్య. రొయ్యకి చూపు తక్కువ, తవ్వడంలో మాత్రం దిట్ట. బొరియ తవ్వుతూ మీసం ఒకటి గోబీ తోకకి ఆనించి ఉంచుతుంది. ప్రమాదం కనబడితే గోబీ తోక ఆడిస్తుంది, క్షణంలో ఇద్దరూ లోపలికి. నాకు ట్యాంకులో దీన్ని మించిన వినోదం లేదు. ఒక్క జాగ్రత్త: రాళ్లని ఇసుక మీద పేర్చకు, అడుగు అద్దం మీద ఆనించి, తర్వాత చుట్టూ ఇసుక పోసెయ్యి. లేకపోతే రొయ్య తవ్వకానికి గుట్ట కూలుతుంది.

నడిమి నీటికి ఒక ఫైర్ ఫిష్, ఒక బ్యాంగై కార్డినల్. ఫైర్ ఫిష్ పిరికిది, బెదిరితే పైకి దూకేస్తుంది. జాలీ మూత లేకుండా దాన్ని తేవద్దు. కార్డినల్ ఒక్కటే చాలు. గుంపుగా తెస్తే ఒక జోడీ మిగిలేదాకా తన్నుకుంటాయి. మొత్తం ఆరు చేపలు. ఇంకా ఖాళీగా ఉందనిపిస్తుంది, అనిపించనీ.

వరస కూడా ముఖ్యం. రైలు పెట్టెలో ముందెక్కినవాడు సీటంతా తనదే అనుకున్నట్టు, ముందొచ్చిన చేప ట్యాంకంతా తనదే అనుకుంటుంది. కాబట్టి పిరికివి ముందు, పెత్తనం చేసేవి చివర. ఫైర్ ఫిష్, గోబీ మొదట. తర్వాత కార్డినల్, ఆ తర్వాత గ్రామా. క్లౌన్‌లు ఆఖరికి. అవి కూడా డామ్సెల్ కుటుంబంలోవే, మరచిపోకు. ఒక్కో విడతకి మధ్య రెండు మూడు వారాలు ఆగు. పెరిగిన వ్యర్థాలకి తగ్గట్టు రాళ్లలోని బ్యాక్టీరియా కూడా పెరగాలి కదా.

నీళ్ల గురించి పెద్దగా చెప్పను, నీకు తెలిసిందే. సాంద్రత 1.025 దగ్గర, వేడి 25 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. ఆవిరైన నీటికి బదులు ఆర్‌వో మంచినీళ్లే పోయాలి, ఉప్పు ఆవిరి కాదు. కొత్త ట్యాంకు నీళ్లలో చేరే విషాలు, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి దిగేదాకా ఒక్క చేపని కూడా తేకు. నెల, నెలన్నర పట్టొచ్చు.

షాపులో నచ్చిన చేపకి నీ కళ్లముందు తిండి వేయించు. తినకపోతే ఎంత అందంగా ఉన్నా వదిలేసి రా. తెచ్చినదాన్ని నెల్లాళ్లు విడిగా చిన్న ట్యాంకులో పెట్టు. తెల్లమచ్చలకి వేసే రాగి మందు అక్కడే వాడాలి. పెద్ద ట్యాంకులో వేస్తే రొయ్య, నత్తలు పోతాయి, రాళ్లు కూడా ఆ రాగిని పీల్చుకుంటాయి.

ఇంత చేసినా ఒక్కోసారి ఒకటి రౌడీగా తయారవుతుంది. కొత్త చేపని చిల్లులున్న పారదర్శకమైన డబ్బాలో పెట్టి రెండు రోజులు ట్యాంకులోనే వేలాడదీయి. పాతవి డబ్బాకేసి ఎంత పొడుస్తాయో చూశాక వదలొచ్చా లేదా తెలుస్తుంది. తరమడం ఆగకపోతే ఈసారి ఆ డబ్బాలో రౌడీని పెట్టు, రాళ్లు కాస్త అటూ ఇటూ మార్చు. పాత సరిహద్దులు చెరిగిపోతే చాలావరకు సర్దుకుంటాయి. అప్పటికీ మారకపోతే షాపుకి తిరిగిచ్చెయ్యి. సముద్రంలో మాత్రం వదలకు. లయన్ ఫిష్ అమెరికా తూర్పు తీరానిది కానే కాదు. 1985లో ఫ్లోరిడా దగ్గర కనబడింది, ఇప్పుడు కరీబియన్ అంతా నిండిపోయి అక్కడి పిల్లచేపల్ని ఊడ్చేస్తోంది. ఎవరో ట్యాంకుల్లోంచి వదిలినవే అలా పెరిగాయని అంటారు.

మూత కొలతలు తీసుకున్నాక నాకొకసారి ఫోన్ చెయ్యి, జాలీ ఎలా బిగించాలో చెబుతాను.

పెద్దమ్మ