గది సంగతి తేలాకే సబ్‌వూఫర్

ప్రశ్న: ఇంట్లో 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న గదిని స్టూడియోగా మార్చుకున్నాను. స్లాబు ఎత్తు 10 అడుగులు. మానిటర్లు (పాట మిక్స్ చేసేటప్పుడు వినే స్టూడియో స్పీకర్లు) యమహా హెచ్‌ఎస్5. చేసేది ఎక్కువగా భక్తిగీతాలు, అప్పుడప్పుడు షార్ట్ ఫిలింలకు నేపథ్య సంగీతం. కుర్చీలో కూర్చుంటే బేస్ గిటార్ కింది స్వరాలు కొన్ని వినపడవు. లేచి తలుపు పక్క మూలకు వెళ్తే అవే స్వరాలు హోరెత్తుతున్నాయి. సబ్‌వూఫర్ (బాగా కింది స్వరాలను మాత్రమే పలికే స్పీకర్) పెడితే ఈ తేడా పోతుందా?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఇప్పుడే కొనకండి. మూలలో వినపడుతోందంటే ఆ స్వరాన్ని మీ స్పీకర్ పలుకుతోందనే అర్థం. కుర్చీ దగ్గర దాన్ని మింగేస్తున్నది గది.

ఎదురెదురు గోడల మధ్య దూరానికి రెట్టింపు పొడవున్న ధ్వని తరంగం ఆ రెండు గోడల మధ్య నిలిచిపోతుంది. ధ్వని వేగం సెకనుకు సుమారు 344 మీటర్లు. ఆ లెక్కన మీ 12 అడుగుల పొడవుకు 47 హెర్ట్జ్, 10 అడుగుల వెడల్పుకు 56 హెర్ట్జ్ వస్తుంది. ఎత్తు కూడా 10 అడుగులే కాబట్టి అదే 56 మళ్లీ వచ్చి కలుస్తుంది. వెడల్పు, ఎత్తు సమానంగా ఉన్న గదులకు ఉండే చిక్కే ఇది. ఈ తరంగాలు గోడల దగ్గర, మూలల్లో బలంగా ఉంటాయి, గది నడిమికి వచ్చేసరికి దాదాపు సున్నా అవుతాయి. బేస్ గిటార్ అడుగు తీగ మీద ఎఫ్ షార్ప్ 46 హెర్ట్జ్, ఏ స్వరం 55. మీకు వినపడనివి చాలావరకు ఇవే అయి ఉండాలి. పైగా కంపెనీ ఇచ్చిన లెక్కల ప్రకారమే హెచ్‌ఎస్5 ధ్వని 74 హెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్, 54 దగ్గర 10 డెసిబెల్స్ పడిపోతుంది. అంటే స్పీకర్‌కూ పరిమితి ఉంది, కానీ మీరు చెప్పిన తేడా మాత్రం గదిదే.

ఒక పరీక్ష చేసి చూడండి. వాల్యూమ్ తగ్గించి 47 హెర్ట్జ్ సైన్ టోన్ (ఒకే ఫ్రీక్వెన్సీ ఉన్న శబ్దం) పెట్టండి. మానిటర్‌లో బేస్ పలికే చిన్న వూఫర్‌కు ఈ టోన్ భారం, కాబట్టి ఒకటి రెండు నిమిషాలకు మించి మోగించవద్దు. మానిటర్లున్న వైపు ముందు గోడ నుంచి వెనక్కి మెల్లగా నడవండి. సరిగ్గా 6 అడుగుల దగ్గర ధ్వని మాయమైతే, మీ తల అక్కడ ఉండకూడదన్నమాట. ముందు గోడ నుంచి గది పొడవులో 38 శాతం దూరం, అంటే మీకు సుమారు నాలుగున్నర అడుగులు, మంచి మొదలు. అక్కడి నుంచి అరడుగు ముందుకూ వెనక్కూ జరిపి చూసుకోండి. 56 హెర్ట్జ్ సంగతి మాత్రం ఇలా తేలదు. స్టీరియో కోసం వెడల్పుకు సరిగ్గా మధ్యలోనే కూర్చోవాలి, ఆ తరంగం సున్నా అయ్యేది కూడా అక్కడే.

మీరు కూర్చునే చోట ఒక స్వరం సున్నా పడితే సబ్‌వూఫర్ కొన్నా, ఈక్యూ (ఒక్కో ఫ్రీక్వెన్సీని పెంచే, తగ్గించే సాధనం) పెంచినా పెద్దగా ఒరిగేదేమీ లేదు. 6 డెసిబెల్స్ పెంచాలంటే ఆంప్లిఫయర్ నాలుగు రెట్లు పవర్ ఇవ్వాలి. ఆ శక్తంతా మూలల్లోకీ పక్కింటి గోడలోకీ పోతుంది, మీ చెవికి చేరేది కొంచెమే. ఈక్యూతో గుట్టలు కోయవచ్చు గానీ గుంటలు పూడ్చలేం.

కాబట్టి ముందు మూలల మీద ఖర్చు పెట్టండి. ఘనపు మీటరుకు 48 కిలోల సాంద్రత ఉన్న రాక్‌వూల్ పలకలు 50 మి.మీ. మందంలో దొరుకుతాయి. రెండు పొరలు కలిపి 100 మి.మీ. చేయండి, 2 × 4 అడుగుల చెక్క ఫ్రేములో బిగించి గాలి ఆడే గుడ్డ చుట్టండి. మూలకు అడ్డంగా, వెనక ఖాళీ ఉండేలా, ఒకదానిమీద ఒకటి రెండేసి నిలబెట్టండి. కోసేటప్పుడు మాస్కు, గ్లవ్స్ తప్పనిసరి. వీటితో 80 హెర్ట్జ్ పైన మోత బాగా తగ్గుతుంది. 47 పూర్తిగా లొంగదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. ఇక అంగుళం మందం ఫోమ్, గుడ్డు అట్టలు బేస్‌ను తాకనైనా తాకవు. వాటికి పెట్టే ప్రతి రూపాయీ దండగే.

ఇదంతా అయ్యాక మీ పనిని బట్టి నిర్ణయించుకోండి. గాత్రం, వయొలిన్, తబలా, మృదంగమే ప్రధానమైతే సబ్‌వూఫర్ అవసరం దాదాపు రాదు. షార్ట్ ఫిలింలకు 30–50 హెర్ట్జ్ గర్జనలు, ఉరుములు, సింథ్ బేస్ వాడుతుంటే ఉపయోగం ఉంది. అప్పుడు 8 అంగుళాల మానిటర్లకు మారడం కంటే సబ్‌వూఫర్ కొనడమే నయమంటాను. మానిటర్లు స్టీరియో కోసం కదలకుండా ఉండాలి. సబ్‌వూఫర్‌ను మాత్రం బేస్ సమంగా వినపడే చోటు వెతికి పెట్టుకోవచ్చు. కొనేముందు ఎవరిదైనా అడిగి తెచ్చి మీ గదిలోనే విని చూడండి.

ప్రశ్న: 5 అంగుళాల మానిటర్లకు 8 అంగుళాల స్టూడియో సబ్‌వూఫర్ జోడించాను. స్టూడియోలో నిండుగా ఉన్న మిక్స్ కారులో పల్చగా, బేస్ లేకుండా వినిపిస్తోంది. లోపం ఎక్కడ?
— ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: మీ సబ్ గట్టిగా మోగుతోంది. అందుకే మిక్స్‌లో బేస్ మీకు తెలియకుండానే తగ్గిస్తున్నారు. మొదట వైరింగ్ చూడండి. ఆడియో ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్‌కూ స్పీకర్లకూ మధ్య ఉండే పెట్టె) నుంచి లెఫ్ట్, రైట్ తీగలు సబ్ ఇన్‌పుట్‌కు వెళ్లాలి, సబ్ అవుట్‌పుట్ నుంచి మానిటర్లకు రావాలి. సబ్ వెనక లో కట్ (మానిటర్లకు వెళ్లే కింది స్వరాలను కోసే) స్విచ్ ఉంటే ఆన్ చేసి 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. హై కట్ (సబ్‌కు వెళ్లే పై స్వరాలను కోసేది) కూడా 80. లో కట్ ఆఫ్‌లో ఉంటే 60–80 మధ్య మానిటర్లూ సబ్ రెండూ పలికి అక్కడ ఉబ్బు వస్తుంది. చాలామంది దగ్గర దొరికే తప్పు ఇదే.

తర్వాత చోటు. సబ్‌ను మీ కుర్చీ స్థానంలో పెట్టి బేస్ లైన్ ఒకటి మోగించండి. ముందు గోడ పొడవునా మోకాళ్ల మీద కదులుతూ వినండి. అన్ని స్వరాలూ సమంగా వినపడిన చోటే సబ్‌కు స్థానం. మూలలో బాగా గట్టిగా వినపడుతుంది, దానికి మోసపోకండి.

ఫేజ్ (మానిటర్ల తరంగం, సబ్ తరంగం ఒకదానికొకటి తోడవుతున్నాయా, కొట్టేసుకుంటున్నాయా అన్నది) కోసం 80 హెర్ట్జ్ సైన్ టోన్‌ను మానిటర్లు, సబ్ కలిపి మోగించండి. మీరు కుర్చీలోనే ఉండి, ఫేజ్ స్విచ్‌ను ఇంకొకరి చేత అటూఇటూ మార్పించండి. ఎటు ఉంటే గట్టిగా వినపడుతుందో అదే సరైనది.

చివర లెవెల్. 500–2000 హెర్ట్జ్ పింక్ నాయిస్‌తో (కొలతల కోసం వాడే హోరులాంటి శబ్దం) ఒక్కో మానిటర్‌ను విడివిడిగా 75 డెసిబెల్స్‌కు తెచ్చుకోండి. ధ్వని మీటరు సెట్టింగులు సి వెయిటింగ్, స్లోలో ఉండాలి. తర్వాత మానిటర్లు ఆపి, 20–80 హెర్ట్జ్ పింక్ నాయిస్‌తో సబ్‌ను కూడా 75కే తేవాలి. ఫోన్ యాప్‌ను నమ్మకండి, చాలా ఫోన్ మైకులు కింది ఫ్రీక్వెన్సీలను కోసేస్తాయి. క్యాలిబ్రేషన్ ఫైలుతో వచ్చే యూఎస్‌బీ కొలత మైకు, ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజర్డ్ సాఫ్ట్‌వేర్ ఉంటే 20 నుంచి 200 హెర్ట్జ్ దాకా స్వీప్ (కింది నుంచి పైకి సాగే టోన్) తీసి గ్రాఫ్ చూసుకోవచ్చు. లెవెల్ సరిగ్గా కుదిరాక సబ్ ఉన్నట్టే అనిపించదు, ఆపినప్పుడే లోటు తెలుస్తుంది. మొదటి వారం బేస్ తక్కువైందనిపించి నాబ్ మీదికి చెయ్యి పోతుంది. తిప్పకండి.

ప్రశ్న: పాత హోమ్ థియేటర్ సబ్‌వూఫర్ ఇంట్లో ఊరికే పడి ఉంది. స్టూడియోకు వాడుకోవచ్చా?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: సెట్‌తో పాటు వచ్చే చాలా సబ్‌లలో ఆంప్లిఫయర్ ఉండదు, సెట్ నుంచి స్పీకర్ తీగే వస్తుంది. అలాంటిదైతే కుదరదు. సొంత ఆంప్లిఫయర్ ఉన్నదైనా మానిటర్లకు 80 హెర్ట్జ్ కింద కోసి పంపే అవుట్‌పుట్ అరుదు. సినిమా పేలుళ్ల కోసం ఒకే ఫ్రీక్వెన్సీ దగ్గర ఉబ్బేలా చేసినవి ఎక్కువ. ఏ స్వరం వాయించినా ఒకే మోతలా వినపడుతుంది, దాన్ని విని మిక్స్ చేయడం ప్రమాదం. గది ఎక్కడ ఎలా స్పందిస్తుందో తెలుసుకునే ప్రయోగాలకు మాత్రం బాగా పనికొస్తుంది.

ప్రశ్న: మాది అపార్ట్‌మెంట్. కింది ఇంటివాళ్లకు ఇబ్బంది లేకుండా సబ్ వాడే మార్గం ఉందా?
— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: కింద మందపాటి రబ్బరు ప్యాడ్ వేస్తే నేలలోకి నేరుగా వెళ్లే కంపనం కొంత తగ్గుతుంది. గాలిలో వెళ్లి గోడనూ స్లాబునూ కదిపే బేస్‌ను అది ఆపదు. పగలు, 75 డెసిబెల్స్ లోపే సబ్ వాడండి. ఫుట్‌స్విచ్‌తో ఆపే సౌకర్యం ఉన్న సబ్ అయితే బేస్ సరిచూసేటప్పుడే ఆన్ చేసుకోవచ్చు. రాత్రి పనికి మంచి ఓపెన్‌బ్యాక్ (చెవి కప్పుల వెనక భాగం తెరిచి ఉండే) హెడ్‌ఫోన్స్ తీసుకోండి. వాటిలో మీ గది జోక్యం ఉండదు కాబట్టి, ఏ స్వరం ఎక్కువైందో ఏది తగ్గిందో సబ్ కంటే అవే నిజాయితీగా చెబుతాయి.