తాతగారిలా నేవీ ఆఫీసర్ అవుతానంటున్నాడు, పంపమంటారా?

ప్రశ్న: మా నాన్నగారు నేవీలో కమాండర్‌గా రిటైరై విశాఖలో స్థిరపడ్డారు. పోయినేడు కాలం చేశారు. సంవత్సరీకం రోజు ఆయనతో ఓడల్లో పనిచేసినవాళ్లు వచ్చి చాలాసేపు ఆయన గురించి చెప్పుకున్నారు. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ. ఆ రోజు నుంచి నేవీ ఆఫీసర్‌నే అవుతానని పట్టుబట్టాడు. నాన్నగారంటే నాకు ప్రాణం. కానీ నేను పుట్టినప్పుడు ఆయన సముద్రం మీద ఉన్నారు, నా పదో తరగతి పరీక్షలప్పుడూ అంతే. నాలుగు ఊళ్లలో చదివాను, తెలుగు రాయడం పెళ్లయ్యాకే నేర్చుకున్నాను. వాణ్ణి పంపమంటారా, వద్దని చెప్పమంటారా?

జవాబు: అమ్మా, వద్దనకండి. అయితే వాడు అప్లికేషన్ పెట్టేలోపు వినాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి. అవి చెప్పగలిగేది నేను కాదు, మీరూ మీ అమ్మగారూ.

సంవత్సరీకానికి వచ్చి మాట్లాడినవాళ్లంతా నాన్నగారిని ఓడ మీద చూసినవాళ్లు. వాళ్లు చెప్పిందంతా నిజమే అయ్యుంటుంది. మీ అబ్బాయి మనసులో పడింది ఆ సగమే. ఇంట్లో ఆయన ఎలా ఉండేవారో, ఆయన లేనప్పుడు ఇల్లు ఎలా నడిచిందో వాడికి ఎవరూ చెప్పలేదు.

నేవీ అంటే ఉత్సాహపడే పిల్లలకు నేను కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా గురించి చెబుతుంటాను. 1971 యుద్ధంలో డిసెంబరు 9 రాత్రి డయ్యూ దగ్గర్లోని సముద్రంలో ఆయన ఆధ్వర్యంలోని ఐఎన్ఎస్ ఖుక్రీని పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ టార్పెడోతో కొట్టింది. నిమిషాల్లో ఓడ మునిగిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు ప్రాణాలు కోల్పోయారు. ముల్లా తన లైఫ్ జాకెట్ ఒక నావికుడికి ఇచ్చేసి, వీలైనంతమందిని ఓడ దిగి ప్రాణాలు దక్కించుకోమని పంపి, తాను మాత్రం ఓడతోపాటే వెళ్లిపోయారు. ఆయనకు మహావీర చక్ర ప్రకటించారు. చాలామంది కథ ఇక్కడితో ఆపేస్తారు. అప్పటికి ఆయన వయసు 45. భార్య సుధ, ఇద్దరు కూతుళ్లు ఉన్నారు. ఆ తర్వాత సంసారాన్ని ఈదింది సుధగారు. కూతుళ్లలో ఒకరైన అమీతా ముల్లా వట్టల్ ఢిల్లీలో పేరున్న స్కూలు ప్రిన్సిపాల్‌గా చేశారు. ముల్లా గొప్పతనం చెప్పేటప్పుడు ఆ ఇంటిని కూడా కలిపి చెప్పకపోతే సగమే చెప్పినట్టని నేను గట్టిగా నమ్ముతాను.

అందరి సర్వీసూ అలా ముగియదు. ఎక్కువమంది మీ నాన్నగారిలాగే పనిచేసి రిటైరై ఇంటికొస్తారు. నేవీ కుటుంబాలను రోజూ కష్టపెట్టేది యుద్ధం కాదు, ఎడబాటు. 2008 అక్టోబరు నుంచి సముద్రపు దొంగల బెడద వల్ల ఏడెన్ సింధుశాఖ వైపు మన నేవీ ఓడలు వంతులవారీగా కాపలా కాస్తూనే ఉన్నాయి. అలా వెళ్లిన ఓడ తిరిగి రావడానికి నెలలు పడుతుంది. మీ చిన్నప్పుడు ఫ్లీట్ మెయిల్ ఆఫీస్ అడ్రసుకు ఉత్తరం రాసి జవాబు కోసం ఎదురుచూసేవారు. ఇప్పుడు రేవుకు చేరాక వీడియో కాల్ చేసుకోవచ్చు. జలాంతర్గామిలో ఉంటే అదీ కుదరదు.

అందుకని ఈ ఆదివారం మీ అబ్బాయిని అమ్మమ్మ దగ్గర కూర్చోబెట్టండి. నాన్నగారి నల్ల ట్రంకు పెట్టె ఇంట్లో ఉండే ఉంటుంది, మూత మీద తెల్ల పెయింటుతో పేరూ ర్యాంకూ రాసి. దాన్ని తెరవనివ్వండి. ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వచ్చిన ప్రతిసారీ అందులో సామాను సర్దింది ఎవరో, కొత్త ఊళ్లో గ్యాస్ కనెక్షన్ కోసం, స్కూల్లో సీటు కోసం తిరిగింది ఎవరో, అర్ధరాత్రి మీకు జ్వరం వస్తే ఆటో కోసం రోడ్డు మీదికి పరిగెత్తింది ఎవరో అమ్మమ్మనే అడగమనండి. మీ కోపం కూడా వాడి ముందు దాచకండి. నాన్నగారి మీద ప్రేమ తగ్గితే వచ్చిన కోపం కాదది, వాడికి అర్థమవుతుంది.

ఇంకోమాట కూడా చెప్పాలి. అమ్మమ్మ తరంవాళ్లు భర్త వెంట ఊళ్లు మారారు. రేపు వాడు చేసుకోబోయే అమ్మాయికి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో మంచి ఉద్యోగం ఉండొచ్చు. రెండు మూడేళ్లకోసారి ఆమె ఉద్యోగం మానేసి వెంట రావాలని ఆశించడం న్యాయం కాదు. ఈ సంగతి పదిహేడేళ్లకే వాడి చెవిన పడితే మంచిది. ఇదే ప్రశ్న మీరు కూతురి గురించి అడిగినా నా జవాబు మారదు. ఆఫీసర్లకు శిక్షణ ఇచ్చే నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ)లో 2022 నుంచి అమ్మాయిలు చేరుతున్నారు. 2017-18లో తారిణి పడవ మీద భూగోళాన్ని చుట్టొచ్చిన ఆరుగురు నేవీ మహిళా ఆఫీసర్లలో హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి, విశాఖ అమ్మాయి స్వాతి ఉన్నారు.

ఇదంతా విన్నాక కూడా వెళ్తానంటే సంతోషంగా పంపండి. ఆ కబుర్లు ఆఫీసర్లను ఎంపిక చేసే ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూలోనూ పనికొస్తాయి. తాతగారే స్ఫూర్తి అని చెప్పి ఊరుకుంటే కుదరదు, ఆయన జీవితం గురించి నీకేం తెలుసని తిరిగి అడుగుతారు. అమ్మమ్మ నోట విన్నవాడికి చెప్పడానికి చాలా ఉంటుంది. కోచింగ్‌లో బట్టీపట్టిన జవాబు అక్కడ నిలబడదు.

మీ అబ్బాయికి ఇప్పుడు రెండు దారులున్నాయి. యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పెట్టే ఎన్‌డీఏ పరీక్షలో గెలిస్తే ఖడక్‌వాస్లాలో మూడేళ్లు, తర్వాత కేరళలోని ఎజిమల నేవల్ అకాడమీలో ఏడాది శిక్షణ ఉంటుంది. రెండోది టెన్ ప్లస్ టూ బీటెక్ ఎంట్రీ. దీనికి వేరే రాతపరీక్ష లేదు, జేఈఈ మెయిన్ ర్యాంకును బట్టి ఎస్ఎస్‌బీకి పిలుస్తారు. ఎంపీసీ సబ్జెక్టుల్లో 70 శాతం, ఇంగ్లిష్‌లో 50 శాతం మార్కులుండాలి. బీటెక్ ఎజిమలలోనే, ఖర్చు నేవీదే. మన కాలేజీల్లో ఎలాగూ జేఈఈకి చదివిస్తున్నారు కాబట్టి వాడికి ఇది దగ్గరి దారి. కాకపోతే పొద్దుణ్నుంచి రాత్రిదాకా క్లాసులో కూర్చునే పిల్లలు ఆటలకూ ఇంగ్లిష్‌లో నలుగురితో మాట్లాడటానికీ దూరమైపోతారు, ఎస్ఎస్‌బీలో తడబడేది అక్కడే. రోజూ గంట పరుగు, ఆట ఇప్పుడే మొదలుపెట్టమనండి. చూపు, రంగులు గుర్తుపట్టే శక్తి ముందే కంటి డాక్టరుకు చూపించండి.

జీతం సంగతికొస్తే, ఏడో వేతన సంఘం ప్రకారం సబ్ లెఫ్టినెంట్ మూలవేతనం 56,100 రూపాయలు, దాని మీద మిలిటరీ సర్వీస్ పే 15,500, డీఏ వగైరా ఉంటాయి. కమాండర్ ర్యాంకు దాకా సర్వీసును బట్టి ప్రమోషన్లు వస్తాయి, కెప్టెన్ నుంచి సెలక్షన్. చాలామంది యాభై ఐదేళ్లకు అటూ ఇటూగా రిటైరవుతారు, పెన్షన్ ఉంటుంది.

ఎస్ఎస్‌బీలో మొదటిసారి రాకపోతే టెన్షన్ పడొద్దు, మళ్లీ రాయొచ్చు. ఈలోపు ఇంజినీరింగ్ సీటు మాత్రం వదలనివ్వకండి. ఆంధ్రా యూనివర్సిటీలోనూ, విశాఖలోని ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్‌లోనూ నేవల్ ఆర్కిటెక్చర్ చదవొచ్చు. బీటెక్ అయ్యాక యూపీఎస్సీ పెట్టే సీడీఎస్ పరీక్ష ద్వారానో షార్ట్ సర్వీస్ ద్వారానో నేవీలోకి వెళ్లే వీలుంది. షార్ట్ సర్వీస్ అంటే కొన్నేళ్ల ఉద్యోగమే, పెన్షన్ రాదు, ఈ తేడా ముందే తెలిసి ఉండాలి. అమ్మమ్మ కబుర్లు విన్నాక ఓడలంటే ఇష్టం పోలేదు కానీ ఇల్లు వదలలేనంటే, నేవీకి ఆయుధాలు రూపొందించే పరిశోధనశాల ఎన్ఎస్‌టీఎల్, ఓడలు కట్టే హిందుస్థాన్ షిప్‌యార్డ్ మీ ఊళ్లోనే ఉన్నాయి. ఆ ఉద్యోగాల గురించి కూడా ఆదివారమే చెప్పండి.