మీ పాపకి ముందు కడుపునిండా అన్నం పెట్టండి

ప్రశ్న: మా పాపకి 13 ఏళ్లు. వెయిట్‌లిఫ్టింగ్ నేర్చుకుంటానంటోంది. బరువులెత్తితే ఎత్తు పెరగదని బంధువులు భయపెడుతున్నారు. పంపించమంటారా?

తప్పకుండా పంపించండి. ఎత్తు గురించి టెన్షన్ అక్కర్లేదు. నేను పన్నెండో ఏట బార్ పట్టుకుని పదేళ్లు ఎత్తాను. ఒక్కరోజు కూడా బరువు ముట్టని మా అక్క కంటే రెండంగుళాలు పొడుగున్నాను. భయపడాల్సింది వేరే ఉంది.

మాది విజయనగరం దగ్గర పల్లె. మా జిమ్‌లో ఆడపిల్లలు వాడే 15 కిలోల సన్న బార్ లేదు. మగవాళ్ల 20 కిలోల బారే అందరికీ. నా చేతికి అది లావు, పట్టు జారేది. అయినా ఎలాగో నెట్టుకొచ్చాను. నన్ను పడగొట్టింది కాటా.

2003లో రాష్ట్రస్థాయి పోటీలు. ఈ ఆటలో ఒంటి బరువుని బట్టి విభాగాలుంటాయి. నా బరువు 52 కిలోలు. "53 కిలోల విభాగంలో మనమ్మాయి ఒకర్తి ఉంది, నువ్వు 48లో దిగు" అన్నారు మా కోచ్. పదిహేను రోజుల్లో నాలుగు కిలోలు దించాలి! అన్నం మానేశాను. ముందురోజు మధ్యాహ్నం నుంచి మంచినీళ్లు కూడా లేవు. పొద్దున్న కాటా ఎక్కితే 48 కిలోల 300 గ్రాములు. బరువు చూసేది గంటసేపు, ఈలోగా మళ్లీ ఎక్కొచ్చు. రెండు స్వెటర్లు తొడుక్కుని గ్రౌండ్ చుట్టూ పరుగెత్తాను. చూయింగ్ గమ్ నములుతూ ఊరిన ఉమ్మంతా డబ్బాలో ఉమ్మాను. ఇంకా వంద గ్రాములు ఎక్కువే. కోచ్ కత్తెర తెప్పించి నా జడ కోయించేశారు. అమ్మ ప్రతి ఆదివారం కుంకుడుకాయ పులుసుతో రుద్ది పెంచిన జడ అది. ముల్లు 48 దగ్గర ఆగింది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు.

కాటా మొదలైన రెండు గంటలకి పోటీ. మొదట స్నాచ్, అంటే బార్‌ని నేల మీంచి ఒకే ఊపులో తల పైకి లేపడం. రోజూ తేలిగ్గా లేపే 55 కిలోలు. మూడుసార్లూ పోయింది. మూడోసారి బార్ తల మీదికి వెళ్లగానే కళ్లు చీకట్లు కమ్మాయి, బార్ ఎప్పుడు వదిలేశానో నాకే తెలీదు. స్నాచ్ పోతే రెండు ఎత్తులూ కలిపి లెక్కేసే టోటల్ ఉండదు, ఇక పతకం మాటే లేదు. ఇంటికెళ్తే అమ్మ పోటీ గురించి ఒక్క మాట అడగలేదు. మెడ వెనక తడిమి చూసి ఏడ్చింది.

కరణం మల్లీశ్వరి పేరు చెప్పి ఆడపిల్లల్ని జిమ్‌లకు పిలిచేవాళ్లు ఆమె కెరీర్‌ని సరిగ్గా చదవరని నా కోపం. 1994, 1995ల్లో ప్రపంచ చాంపియన్ అయినప్పుడు ఆమె ఎత్తింది 54 కిలోల విభాగంలో. 2000లో సిడ్నీలో కాంస్యం తెచ్చింది 69లో! స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల మీదికి, అక్కణ్నుంచి తల పైకి లేపడం) 130, మొత్తం 240. ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్‌ని ఒలింపిక్స్‌లో పెట్టిందే ఆ ఏడాది. వెళ్లేముందు ఆమె లావైందని ఆడిపోసుకున్నవాళ్లున్నారు. ఆ ఒంటితోనే దేశానికి ఆడవాళ్లలో తొలి ఒలింపిక్ పతకం వచ్చింది. చివరి ప్రయత్నంలో 137.5 కిలోలు ఎందుకు అడిగిందని ఇప్పటికీ తప్పుపడతారు. అది లేచుంటే స్వర్ణమే. నేనైనా అదే అడిగేదాన్ని.

మరుసటేడు నేను జిమ్ మారాను. పొద్దున్న చోడి (రాగి) అంబలి, మూడు పూటలా అన్నం, రోజూ గుడ్లు. 58లో దిగి స్నాచ్ 70 లేపాను. ఆ తర్వాతే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వచ్చింది.

చేర్పించే ముందు కోచ్‌ని ఒక్కటే అడగండి: "మా పాప బరువు పెరిగితే ఏం చేస్తారు?" పై విభాగానికి మారుస్తామంటే చేర్పించండి. దించుతామంటే ఆ గుమ్మం తొక్కొద్దు. ఇంకో మాట, కడుపు మాడ్చుకున్న రోజుల్లో నాకు నాలుగు నెలలు నెలసరి ఆగిపోయింది. జిమ్‌లో అందరూ మగవాళ్లే, ఎవరికి చెప్పను? అక్కడ ఆడ కోచ్ లేకపోతే వారానికోసారైనా వాళ్లమ్మ వెళ్లి కూర్చోవాలి.