మట్టి బొమ్మ హీరోతో గేమ్ చెయ్యొచ్చు, కానీ కెమెరా బయటికి తీసేముందు ఇది చదవండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: ఇద్దరు స్నేహితులు కలిసి చిన్న ప్లాట్‌ఫార్మర్ (గోతులు, మెట్లు ఎగిరి దాటుకుంటూ పోయే) గేమ్ మొదలుపెట్టారు, హీరోని మట్టితో చేసి స్టాప్ మోషన్‌లో, అంటే బొమ్మని కాస్త కాస్త కదుపుతూ ఒక్కో ఫోటో తీసి కదిలిస్తే అయ్యే పనేనా, లేక త్రీడీలో చేసి అలా కనిపించేట్టు చేస్తే సరిపోతుందా? ఎవర్ని అడిగినా "చాలా ఓపిక కావాలి" అని ఒక్క ముక్క చెప్పి తప్పుకుంటారు. ఓపిక సంగతి వదిలెయ్యండి, గేమ్ చేద్దామని కూర్చున్నవాళ్లకి అది ఎలాగూ ఉంటుంది. నన్నడిగితే ఇలాంటి గేముల్ని ముంచేది ఒకటే, గేమ్ చేతికి ఎలా ఆడుతుందో తేలకముందే బొమ్మని ఫోటోలు తీసేయడం. సినిమాలో షాట్ ఓకే అయ్యిందంటే దాని జోలికి మళ్లీ ఎవరూ పోరు. గేమ్‌లో అలా కాదు, జంప్ ఎత్తు ఇవాళ ఒకటి, వచ్చే వారం ఇంకోటి.

మేం ముగ్గురం చెన్నైలో, సాలిగ్రామంలో ఒక మేడమీద గది తీసుకుని ఇదే పని చేశాం. నేను కోడ్ రాసేవాణ్ని, ఇంకో కుర్రాడు లెవెల్స్ చూసేవాడు, బొమ్మ పని మాత్రం యాడ్ ఫిలిమ్స్‌లో ఏళ్ల తరబడి ఇదే చేసిన పెద్దాయనది. మేం ఆయన్ని మాస్టారూ అనేవాళ్లం. హీరో అంటే కుండలాంటి తల, బొజ్జ, మోకాళ్ల దాకా పంచె ఉన్న పిల్లాడు. ఆ బొమ్మని చూసిన ప్రతివాళ్లూ చేతిలోకి తీసుకోబోయేవారు, మాస్టారు కసిరేవారు. జంప్ కూడా ఆయన అద్భుతంగా తీశారు. ముందు మోకాళ్లు వంగుతాయి, చేతులు వెనక్కి పోతాయి, బొజ్జ కిందికి జారుతుంది, అప్పుడు లేస్తాడు. ఆ వంగడం ఒక్కదానికే నాలుగు ఫ్రేములు. కంప్యూటర్ మీద వరసగా నడిపించి చూస్తే పిల్లాడికి నిజంగా బరువున్నట్టే అనిపించింది, మేం చప్పట్లు కొట్టాం కూడా.

దాన్ని గేమ్‌లో పెట్టి, కింద పోర్షన్‌లో ఉండే ఇంటి ఓనరుగారి మనవణ్ని పిలిచి ఆడమన్నాం. వాళ్లూ మన తెలుగువాళ్లే, ఎప్పుడో తాతల కాలంలో నెల్లూరు నుంచి వచ్చి స్థిరపడ్డారు. వాడు మొదటి గోతిలో పడ్డాడు. మళ్లీ పడ్డాడు. మళ్లీ. "అంకుల్, బటన్ పని చెయ్యట్లా" అన్నాడు నాతో. మాస్టారు వెనకనుంచి, "నువ్వు లేటుగా నొక్కుతున్నావు నాన్నా" అన్నారు. వాడు తల కూడా తిప్పలేదు. "లేదు తాతా, నేను కరెక్టుగానే నొక్కుతున్నా, నేను నొక్కాక వీడు ఆలోచించుకుంటున్నాడు."

సరిగ్గా అదే సమస్య. సెకనుకి 12 ఫోటోల లెక్కన తీస్తే నాలుగు ఫ్రేములంటే సెకనులో మూడో వంతు. గోతి అంచున నిలబడ్డవాడికి అది చాలా ఎక్కువ. కెమెరా ముందు బొమ్మకి ప్రాణం పోసేది ఆ వంగడమే, చేతిలో కంట్రోలర్ ఉన్నవాడికి చిరాకు తెప్పించేదీ అదే. నేను ఆ నాలుగు ఫ్రేములూ తీసేద్దామన్నాను. మాస్టారు "మోకాలు వంచకుండా ఎగిరే మనిషిని ఒక్కణ్ని చూపించు, తీసేస్తా" అన్నారు. నేను ఆడేవాడి గురించి మాట్లాడుతుంటే ఆయన మనిషి శరీరం గురించి మాట్లాడుతున్నారు, ఇద్దరికీ గొంతులు లేచాయి. ఆ పూట కాఫీ కూడా ఎవరిది వాళ్లే పోసుకున్నాం.

చివరికి కుదిరిన పద్ధతి ఇది, మీకు పనికొస్తుంది కాబట్టి వివరంగా చెప్తున్నా. బొమ్మ తెరమీద ఎక్కడుందనేది కోడ్ చూసుకుంటుంది, సెకనుకి 60 సార్లు. ఫోటోలు మాత్రం 12 చొప్పునే మారతాయి. బటన్ నొక్కగానే వచ్చే మొట్టమొదటి ఫోటోలోనే పిల్లాడు గాల్లో సాగి ఉంటాడు, దానికోసం మాస్టారు ఒక బొమ్మని రబ్బరు మనిషిలా విడిగా సాగదీసి చేశారు. వంగడం, బొజ్జ జారడం అన్నీ కిందికి దిగాక వస్తాయి, బరువు అక్కడ తెలుస్తుంది. ఆడేవాడు అప్పటికి గోతి దాటేశాడు కాబట్టి వాడికి ఇబ్బంది లేదు. అయినా దిగీ దిగగానే మళ్లీ బటన్ నొక్కితే ఆ వంగడాన్ని మధ్యలోనే తెంపేసి పైకి లేపాలి. ఇంకోటి, జంప్‌ని ఒకే ముక్కగా తియ్యకండి. లేవడం, గాల్లో ఉండడం, దిగడం, నేలకి తగలడం, ఇవన్నీ వేరువేరుగా తీసి పెట్టుకుంటే రేపు మీ లెవెల్స్ చూసేవాడు ఎత్తు మార్చినా గాల్లో ఉండే ముక్కనే ఇంకాసేపు తిప్పుకోవచ్చు, మళ్లీ లైట్లు వెయ్యక్కర్లేదు.

లైట్లు అంటే గుర్తొచ్చింది, మీరు చెన్నైలో చెయ్యబోతున్నట్టయితే మే నెలలో మాత్రం షూటింగ్ పెట్టుకోకండి. ఈ పనికి వాడే మట్టి ప్లాస్టిసిన్, అందులో ఉండేది నూనె, అందుకే ఎన్నాళ్లున్నా ఎండిపోదు, కానీ వేడికి మెత్తబడుతుంది. ఎత్తిన చెయ్యి మీరు కెమెరా దగ్గరికి వెళ్లి వచ్చేలోపు దిగిపోయి ఉంటుంది. సరే అని ఏసీ వేస్తే, కంప్రెసర్ ఆన్ అయినప్పుడల్లా మా గదిలో వోల్టేజి పడిపోయి లైటు మందగించేది. అలా తీసిన ఫోటోలన్నీ వరసగా నడిపిస్తే బొమ్మ మిణుకు మిణుకుమంటుంది. రిచీ స్ట్రీట్‌లో చవగ్గా దొరికే ఎల్‌ఈడీలు కొన్ని మామూలుగానే మిణుకుతాయి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి. దానికి మందు సులువే. బొమ్మ ఎలాగూ కదలదు, షట్టర్‌ని అర సెకను దాకా తెరిచి ఉంచండి, ఆ మిణుకంతా సర్దుకుపోతుంది. వోల్టేజి పడిపోవడానికి మాత్రం ఇది పని చెయ్యదు, లైట్లకి మంచి స్టెబిలైజర్ పెట్టాల్సిందే. ఆటోమేటిక్ లెన్స్ వద్దు, దాని ఎపర్చర్ (వెలుగు లోపలికి వచ్చే కంత) ప్రతిసారీ వెంట్రుకవాసి తేడాతో మూసుకుంటుంది. చేత్తో తిప్పే పాత లెన్స్ మేలు. ఇంకా, తెల్ల చొక్కా వేసుకుని సెట్ పక్కన నిలబడితే ఆ వెలుగు బొమ్మ మీద పడుతుంది. ఇది చెప్తే అందరూ నవ్వుతారు.

ఒక పబ్లిషర్ తరఫున వచ్చినాయన మా డెమో చూసి, "లుక్ చాలా బాగుంది, కాస్త స్మూత్ చేసి ఆ వేలిముద్రలు తీసేస్తే" అన్నాడు. మట్టి కావాలి, మట్టిలో చెయ్యి మాత్రం కనపడకూడదట. అంత నున్నగా కావాలంటే ప్లాస్టిక్ బకెట్‌ని హీరోగా పెట్టుకోవచ్చుగా! ఇలాంటివాళ్లతో వాదించడానికి మాస్టారికి ఓపిక లేదు, నాకు అసలే లేదు.

సరే, మీ ప్రశ్నలో రెండో సగం. ఏ రకం గేమ్ అన్నదాన్నిబట్టి ఉంటుంది. 1996లో వచ్చిన ది నెవర్‌హుడ్ మట్టి గేముల్లో తలమానికం, మూడు టన్నులకి పైగా మట్టి వాడారంటారు. అది పాయింట్ అండ్ క్లిక్, మీరు ఒకచోట నొక్కితే వాడు తీరిగ్గా నడుచుకుంటూ వెళ్తాడు, ఎవరికీ తొందర లేదు. 2014 నాటి లూమినో సిటీ అంతా కాగితం, అట్టలతో కట్టిన ఊరు, అదీ పజిల్ గేమే. అంటే ఆడేవాడు కూర్చుని ఆలోచించే గేముల్లో బొమ్మ కూడా ఆలోచించుకోవచ్చు. నెవర్‌హుడ్ తర్వాత 1998లో స్కల్‌మంకీస్ అని ప్లాట్‌ఫార్మరే చేశారు కదా అని ఎవరో ఒకరు నా మీదికి వస్తారు. చేశారు. ముందు దాన్ని చివరిదాకా ఆడి వచ్చి నాతో మాట్లాడండి.

మట్టిని పొదుపుగా వాడినవాళ్లే నెగ్గారని నా నమ్మకం. 1993లో డూమ్ గేమ్‌లో కొన్ని రాక్షసుల్ని మట్టి బొమ్మలుగా చేసి ఎనిమిది దిక్కుల నుంచి చిత్రాలు తీసుకుని, మిగతా మెరుగులు కంప్యూటర్‌లో దిద్దుకున్నారు. మోర్టల్ కాంబాట్‌లో మిగతా ఫైటర్లంతా కెమెరా ముందు నటించిన మనుషులైతే నాలుగు చేతుల గోరో ఒక్కడే స్టాప్ మోషన్ బొమ్మ. 2024లో వచ్చిన హెరాల్డ్ హాలిబట్‌లో బొమ్మలు, గదులు, సామాను అన్నీ చేత్తోనే చేసి, స్కాన్ చేసి (అన్ని వైపుల నుంచి ఫోటోలు తీసి, వాటిని కలిపి త్రీడీ బొమ్మగా మార్చి), కంప్యూటర్‌లో కదిలించారు. మీ ప్లాట్‌ఫార్మర్ హీరోకి నేనైతే ఈ దారే చెప్తా. బొమ్మ నిజంది, కదలిక త్రీడీది, కావాలంటే కదలికని సెకనుకి 12కి కుదించుకోండి. ఇంకో లాభం కూడా ఉంది. ఫోటోల పద్ధతిలో 512 బై 512 సైజు ఫ్రేము ఒక్కటి కుదించకుండా పెడితే 1 ఎంబీ తింటుంది, ఒక్క హీరోకే పది రకాల కదలికలు, ఒక్కోదానికి 12 ఫ్రేములంటే 120 ఎంబీ. కుదిస్తే తగ్గుతుంది లెండి, కానీ శత్రువులు ఇంకా రానేలేదు. పైగా ఎడమకి తిరగడానికి ఫోటోని అద్దంలోలా తిప్పేస్తే నీడ కూడా తిరిగిపోతుంది, సూర్యుడు హీరో వెనకాల పరిగెడుతున్నట్టు ఉంటుంది. స్కాన్ చేసిన బొమ్మకి ఈ గొడవ లేదు.

మీరు అడగని సంగతి ఒకటి. ఎలాగూ బొమ్మలే చేస్తున్నారు కదా, దయచేసి కోట, డ్రాగన్, కత్తి పట్టుకున్న తెల్లోడు వద్దు. ఇక్కడ పురసవాక్కం పక్కన కోసపేటలో కొలువు బొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. అచ్చు ఎలా తీయాలో, ఒకే ముఖం పది రకాల మూతులతో ఎలా చెయ్యాలో వాళ్లకి మీరూ నేనూ చెప్పక్కర్లేదు. మన కొండపల్లి బొమ్మల తెల్ల పొణికి చెక్క ఎంత తేలికో తెలుసుగా, చిన్న సెట్లకి అంతకన్నా ఏం కావాలి? ఏటికొప్పాక లక్క బొమ్మలు మాత్రం స్కాన్‌కి ఏడిపిస్తాయి, ఆ మెరుపు వల్ల ఫోటోలు ఒకదానితో ఒకటి కలవవు. బేబీ పౌడర్ పలచగా చల్లి ఆకారం వరకు పట్టుకోవచ్చు, రంగులు విడిగా తీసుకోవాలి. ఇన్ని బొమ్మలున్న చోట పుట్టి, మన గేముల్లో ఒక్క లేపాక్షి బసవన్న కూడా కనపడడేంటండీ.

ఇంత చదివాక కూడా మట్టితోనే, ఫోటోలతోనే చేస్తామంటే సంతోషం. ముందు హీరో బదులు ఒక చదరపు డబ్బా పెట్టి గేమంతా ఆడదగ్గట్టు చేసుకోండి, అది మారడం ఆగాకే మట్టి కొనండి. లోపల అస్థిపంజరానికి అల్యూమినియం తీగని రెండు మూడు పోగులు మెలిపెట్టి వాడండి. రాగి తీగ వద్దు, వంచిన కొద్దీ గట్టిపడి పుటుక్కున విరుగుతుంది. అల్యూమినియం కూడా ఎప్పుడో ఒకప్పుడు విరుగుతుంది, అదీ ఎక్కువగా చీలమండ దగ్గరే, అందుకని మొదటిరోజే రెండు బొమ్మలు చేసి పెట్టుకోండి.